చొక్కా మీద బురద గీత

వానాకాలంలో బడి గంట కొట్టే వేళకు సైకిలు స్టాండు దగ్గర నిలబడి చూడండి. వచ్చేవాళ్ళ ముఖాలు కాదు, వీపులు చూడాలి. కొందరి తెల్లచొక్కాలు శుభ్రంగా ఉంటాయి. కొందరి చొక్కాల వెనక మాత్రం, నడుము దగ్గర మొదలై వెన్నెముక పొడుగునా పైకి పాకిన బురద గీత ఒకటి కనబడుతుంది. ఎవరో కుంచెతో గీసినట్టు నిటారుగా, మూడు వేళ్ళ వెడల్పున ఉంటుంది. ఆ చొక్కా తొడుక్కున్న అబ్బాయి సైకిలుకు మడ్‌గార్డు లేదని చెప్పడానికి అపరాధ పరిశోధకుడు అక్కరలేదు. కాని గీతను చదవడం తెలిసినవాళ్ళు ఇంకో సంగతి కూడా చెప్పగలరు. ఆ అబ్బాయి ఎంత వేగంగా తొక్కుతూ వచ్చాడో చెప్పగలరు!

ఎలా చెబుతారో చూద్దాం. అది తెలిస్తే మడ్‌గార్డు ఎలాటిది కొనాలో కూడా తెలిసిపోతుంది.

ఒకప్పుడు మన దేశంలో సైకిలు కొంటే మడ్‌గార్డులు దానితోపాటే వచ్చేవి. నల్లరంగు పూసిన ఇనపరేకు గార్డులు, వెనకదాని చివర తెల్లరంగు, దానిమీద ఎర్రటి బిళ్ళ. కొనేవాడు వాటి గురించి ఆలోచించవలసిన పనే ఉండేది కాదు. ఇప్పుడు పిల్లలు ముచ్చటపడే లావు టైర్ల సైకిళ్ళు చాలావాటికి మడ్‌గార్డులు ఉండవు. ఉన్నా, సీటు కింద తోకలా నిక్కబొడుచుకున్న ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంటుంది. మంచిది కావాలంటే విడిగా కొని బిగించుకోవాలి. షాపువాడు నాలుగు రకాలు ముందు పెడతాడు. మనం రంగు చూసి ఒకటి ఎంచుకుంటాం. కాని అక్కడ చూడవలసింది రంగును కాదు, నీటిచుక్క దారిని.

చుక్క ఎప్పుడు వదులుతుంది?

ఎద్దుబండి చక్రానికి మడ్‌గార్డు ఎందుకు ఉండదో ఎప్పుడైనా ఆలోచించారా? బండి బురదలోనే కదా నడుస్తుంది! అయినా బండి తోలేవాడి మీద చుక్క పడదు.

తడి రోడ్డు మీద చక్రం దొర్లుతున్నప్పుడు నీరు టైరును అంటుకుని పైకి లేస్తుంది. నీటికి రబ్బరును అంటిపెట్టుకునే గుణం కొంత ఉంది. ఆ పట్టు ఉన్నంతసేపూ చుక్క చక్రంతోపాటు గుండ్రంగా తిరుగుతుంది. కాని ఏ వస్తువునైనా గుండ్రంగా తిప్పాలంటే దాన్ని మధ్యకు లాగుతూ ఉండాలి. తాడు కొసన చెంబు కట్టి తిప్పితే తాడు చేసే పని అదే. ఇక్కడ తాడు లేదు. రబ్బరుకూ నీటికీ ఉన్న ఆ కాస్త పట్టే తాడు. ఎంత బలంతో లాగాలి అన్నది వేగాన్ని బట్టి ఉంటుంది. వేగాన్ని వేగంతోనే హెచ్చవేసి, చక్రం వ్యాసార్ధంతో భాగిస్తే ఆ లెక్క వస్తుంది.

మామూలు పెద్ద సైకిలు చక్రం వ్యాసం సుమారు 71 సెంటీమీటర్లు. నడిచే వేగంతో, అంటే గంటకు 5 కిలోమీటర్ల వేగంతో సైకిలు పోతుంటే, చుక్కను పట్టి ఉంచడానికి దాని బరువులో సగమంత బలం చాలు. గంటకు 15 కిలోమీటర్లు పోతుంటే? వేగం మూడు రెట్లయింది కనక బలం తొమ్మిది రెట్లు కావాలి. అంటే చుక్క బరువుకు దాదాపు అయిదు రెట్లు! అంత పట్టు రబ్బరుకు ఎక్కడిది? పెద్ద చుక్కలన్నీ జారిపోతాయి. పల్చటి తడిపొర మాత్రం మిగులుతుంది.

ఇప్పుడు ఎద్దుబండి సంగతి చూడండి. చక్రం వ్యాసం ఒకటిన్నర మీటరు, వేగం గంటకు 4 కిలోమీటర్లు అనుకుందాం. లెక్క కడితే చుక్క బరువులో ఆరోవంతు బలం సరిపోతుంది. అందుకని బురద చక్రాన్ని కరుచుకునే తిరుగుతుంది, లేదా తన బరువుకు తాను కింద పడుతుంది. ఎగిరిపడటం మాత్రం ఉండదు. పెద్ద చక్రం, చిన్న వేగం - ఈ రెండూ కలిసి బండివాడికి మడ్‌గార్డు ఖర్చు తప్పించాయన్నమాట.

ఎటు ఎగురుతుంది?

పట్టు వదిలిన చుక్క ఎటు పోతుంది? చక్రం మధ్యనుంచి తిన్నగా బయటికి పోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టలను తోలే మనిషి వడిసెల తిప్పడం చూశారా? తాడు వదిలిన క్షణంలో రాయి ఏ దిక్కుగా కదులుతున్నదో ఆ దిక్కునే పోతుంది. అంటే వృత్తానికి స్పర్శరేఖ వెంట పోతుంది. కత్తులకు సాన పట్టేవాడి చక్రం నుంచి లేచే నిప్పురవ్వలు కూడా అంతే. రాతికి కత్తి తాకినచోట నుంచి స్పర్శరేఖ వెంట బారులు తీరి పోతాయి. మన చుక్కదీ అదే దారి.

దీన్ని సులువుగా గుర్తు పెట్టుకోవడానికి చక్రాన్ని ఒక గడియారం అనుకోండి. సైకిలుకు కుడిపక్క, అంటే చెయిను ఉన్న పక్క, నిలబడి చూడాలి. నేలను తాకే చోటు 6. వెనకవైపు 9. పైన 12. ముందువైపు 3. సైకిలు ముందుకు పోతుంటే చక్రం సరిగ్గా గడియారం ముళ్ళు తిరిగే వైపే తిరుగుతుంది. 6 దగ్గర నీళ్ళు ఎత్తుకున్న టైరు 7, 8, 9 మీదుగా పైకి పోయి 12 దాటి ముందుకు దిగుతుంది.

వెనకచక్రం 9 దగ్గర వదిలిన చుక్కను చూడండి. అక్కడ టైరు నిలువుగా పైకి కదులుతోంది. చుక్క కూడా నిలువుగా పైకి పోతుంది. సైకిలు ముందుకు పోతోంది కదా, చుక్క వెనకబడిపోదా అంటారేమో. పోదు. సైకిలుకున్న వేగం చుక్కకూ ఉంది. కదిలే రైల్లో రూపాయిబిళ్ళ ఎగరేస్తే మన చేతిలోనే పడటం లేదూ? కనక సైకిలు మీది మనిషికి చుక్క తిన్నగా పైకి లేచినట్టే ఉంటుంది.

ఎంత ఎత్తుకు లేస్తుంది? వేగాన్ని సెకనుకు మీటర్లలో రాసి, వర్గం చేసి, 19.6 తో భాగించండి. గంటకు 10 కిలోమీటర్ల వేగంలో చుక్క ఇరుసు ఎత్తు నుంచి 39 సెంటీమీటర్లు లేస్తుంది. ఇరుసే నేలకు 35 సెంటీమీటర్ల పైన ఉంది కనక మొత్తం 74. సీటు దాదాపు 90 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. అందుచేత చుక్క సీటు కిందే ఉండిపోతుంది, చొక్కాకు భయం లేదు. 15 కిలోమీటర్ల వేగంలో మొత్తం ఎత్తు 124 సెంటీమీటర్లు. అంటే వీపు మధ్యకు! 20 కిలోమీటర్ల వేగంలో 193. అది తల దాటిపోతుంది. ఇక 9 దాటి 10 దాకా వెళ్ళి వదిలిన చుక్కలకు పైకి పోయే వేగంతోపాటు కాస్త ముందుకు పోయే వేగం కూడా ఉంటుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో అలాటి చుక్క ఒక సెకనులో అయిదోవంతు కాలంలో మనిషి వీపును చేరుతుంది. అప్పటికి అది నేలకు 106 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. బెల్టుకు కాస్త పైన అన్నమాట.

ఇప్పుడు సైకిలు స్టాండు దగ్గరి మన పరిశోధన ఏపాటిదో తెలిసింది కదా! సీటు మీద కూర్చున్నప్పుడు ఆ గీత పై కొస నేలకు ఎంత ఎత్తున ఉంటుందో కొలవండి. అందులోంచి 35 తీసేయండి. మిగిలినదాన్ని మీటర్లలోకి మార్చి 19.6 తో హెచ్చవేసి వర్గమూలం కడితే వేగం తేలుతుంది. గాలి చిన్నచుక్కలను అడ్డగించి ఆపుతుంది కనక అసలు వేగం మన లెక్కలో తేలినదాని కన్నా కొంచెం ఎక్కువే ఉంటుంది గాని తక్కువ ఉండదు. "మెల్లిగానే వచ్చానండీ" అనేవాడి మెడ మీద బురద ఉంటే నమ్మకండి.

ముందుచక్రం చేసే అల్లరి

వీపు మీద గీత అందరికీ కనబడుతుంది. అందుకని వెనక గార్డు ఒకటి పెట్టించుకుని ఊరుకుంటారు చాలామంది. నన్నడిగితే రెండింటిలో ముందుచక్రం గార్డే ముఖ్యం. వెనకచక్రం చొక్కాను పాడు చేస్తుంది, ఉతికితే పోతుంది. ముందుచక్రం మాత్రం సైకిలునే పాడు చేస్తుంది.

ముందుచక్రం ఇరుసుకు 60 సెంటీమీటర్లు వెనగ్గా పెడళ్ళ ఇరుసు ఉంటుంది. దాని పక్కనే పెద్ద పళ్ళచక్రం, చెయిను. ముందుచక్రం విసిరిన చుక్కలు అక్కడికి చేరేసరికి ఏ ఎత్తున ఉంటాయో గంటకు 15 కిలోమీటర్ల వేగానికి లెక్క వేశాను. గడియారంలో ఆరున్నర దగ్గర వదిలిన చుక్క నేలకు 7 సెంటీమీటర్ల ఎత్తున, పెడలు కిందుగా పోతుంది. దానితో మనకు పేచీ లేదు. 7 దగ్గర వదిలింది 22 సెంటీమీటర్ల ఎత్తున పోతుంది. అంటే బూటుకూ, పళ్ళచక్రం అడుగుకూ తగులుతుంది. ఏడున్నర దగ్గరిది 38 సెంటీమీటర్లు, పళ్ళచక్రం పై అంచుకు. 8 దగ్గరిది 59, మోకాలి కిందికి. చూశారా, 7 నుంచి 8 దాకా ఉన్న ఆ చిన్న ముక్కలో బయల్దేరే చుక్కలన్నీ తిన్నగా కాళ్ళ మీదికీ చెయిను మీదికీ గురి పెట్టినట్టే వస్తాయి! పైగా నేలను వదిలిన కొత్తలోనే టైరు మీద నీరు ఎక్కువ ఉంటుంది కనక ఎగిరేది కూడా అక్కడే ఎక్కువ.

రోడ్డు నీళ్ళు అంటే ఉత్త నీళ్ళు కాదు. అందులో సన్న ఇసుక ఉంటుంది. ఇసుకలో ఉండే క్వార్ట్‌జ్ రేణువులు గాజును గీకగలిగినంత గట్టివి. చెయిను కీళ్ళలో నూనె ఉంటుంది. నీళ్ళు ఆ నూనెను కడిగేస్తాయి, ఇసుక ఆ ఖాళీలో చేరుతుంది. ఆపైన ప్రతి తొక్కుడుకూ కీలు లోపల సానరాయి తిరిగినట్టే. అరిగిన చెయిను సాగుతుంది, సాగిన చెయిను పళ్ళను అరగదీస్తుంది. మెకానిక్ "చెయినూ, పళ్ళచక్రమూ రెండూ మార్చాలి" అంటే మీ నాన్నగారు ఏమంటారో మీకే తెలుసు.

ముందుచక్రం పైభాగంలో ఇంకో చిత్రం ఉంది. సైకిలు గంటకు 15 కిలోమీటర్లు పోతుంటే, నేలను తాకిన చోట టైరు ఆ క్షణానికి కదలదు. మరి పైన, 12 దగ్గర? అక్కడ టైరు రోడ్డు లెక్కన గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ముందుకు పోతూ ఉంటుంది! ఒకే చక్రం మీద ఒక చోట సున్న, ఒక చోట రెట్టింపు. పది, పదకొండు దగ్గర వదిలిన చుక్కలు సైకిలును దాటి ముందుకు, పైకి ఎగురుతాయి. గాలి వాటిని ఆపేస్తుంది. అంతలో మనమే వెళ్ళి వాటిని మన ముఖంతో ఢీకొంటాం. బస్సులూ లారీలూ పోయే రోడ్డు మీద కంట్లో నలక పడితే ఒక్క రెప్పపాటు చాలు, ఏమైనా జరగవచ్చు. అందుకే ముందు గార్డు ఫోర్కు దగ్గర ఆగిపోకుండా ఒక జానెడు ముందుకు పొడుచుకు రావాలి.

ఎక్కడిదాకా, ఎంత దగ్గరగా

ముందు గార్డు వెనకవైపు ఎంత కిందికి దిగాలి? ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. టైరుకూ గార్డుకూ మధ్య 2 సెంటీమీటర్ల ఖాళీ ఉందనుకోండి. చుక్క స్పర్శరేఖ వెంట పోతుంది కనక ఆ 2 సెంటీమీటర్లు దాటడానికి అది 12 సెంటీమీటర్లు ప్రయాణం చేయాలి. ఆలోగా గడియారంలో మూడింట రెండు వంతుల గంట పైకి జరిగిపోతుంది. 7 కాస్త లోపు బయల్దేరిన చుక్క గార్డును తాకేది ఏడుంబావుకు కొంచెం పైన. కనక గార్డు చివర అక్కడిదాకా దిగితే బూట్ల మీదికీ చెయిను మీదికీ వచ్చేవన్నీ చిక్కుతాయి. ఆ చోటు నేలకు 7 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది.

ఇనపరేకును అంత కిందికి దింపితే మిట్టలకూ రాళ్ళకూ తగిలి వంగిపోతుంది. కనక రేకు కొంచెం పైనే ఆగి, అక్కడినుంచి రబ్బరు రెక్క వేలాడాలి. పాత సైకిళ్ళకు ఈ రెక్కలు ఉండేవి. వాటి మీద పేర్లు, సినిమా నటుల బొమ్మలు కూడా వేయించుకునేవారు. ఆ రెక్క సోకు కోసం అనుకునేవాళ్ళు ఉన్నారు గాని, గార్డు మొత్తం మీద అరచేయంత ఉండే ఆ ముక్క చేసే పని ఎక్కువ. షాపులో దొరక్కపోతే పాత లారీ ట్యూబు ముక్కను టైరు కన్నా రెట్టింపు వెడల్పున కత్తిరించి, రెండు బోల్టులతో, వెనక వాషర్లు వేసి బిగించుకోవచ్చు. ఖర్చు లేని పని. షాపులో దొరికే పొట్టి గార్డులు చాలావరకు 9 దగ్గరే, అంటే ఇరుసు ఎత్తునే, ఆగిపోతాయి. అవి బిగిస్తే 7 నుంచి 8 దాకా బయల్దేరే చుక్కలన్నీ కిందినుంచి తప్పించుకుపోతాయి.

వెనకచక్రం గార్డుకు కూడా రెక్క ఉంటే మంచిదే. అది మనకోసం కాదు, మన వెనక సైకిలు మీద వచ్చే స్నేహితుడి ముఖం కోసం.

సీటు కింద తోకలా ఉండే గార్డు సంగతి తేల్చేద్దాం. దానికీ టైరుకూ మధ్య ఖాళీ 10 సెంటీమీటర్ల పైనే ఉంటుంది. అంత ఖాళీ దాటడానికి చుక్క 28 సెంటీమీటర్లు ప్రయాణం చేయాలి. చుక్కలన్నీ తిన్నగా పోవు, కొన్ని పక్కలకు చెదురుతాయి. పది డిగ్రీలు పక్కకు తిరిగిన చుక్క 12 సెంటీమీటర్లలో 2 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. 28 సెంటీమీటర్లలో 5 సెంటీమీటర్లు పోతుంది. మొదటిదాన్ని 5 సెంటీమీటర్ల వెడల్పు గార్డు ఆపుతుంది. రెండోదాన్ని ఆపదు. తోక గార్డు సీటుకు అడుగున గొడుగు పట్టగలదు గాని తొడలనూ క్యారియర్ మీది పుస్తకాల సంచినీ కాపాడలేదు.

అయితే గార్డును టైరుకు అంటుకునేంత దగ్గరగా పెడితే ఇంకా మంచిది కదా! కాదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

చక్రం ఎప్పుడూ ఖచ్చితంగా గుండ్రంగా ఉండదు. గుంటలో పడ్డ ప్రతిసారీ కాస్త వంకర పోతుంది. టైరు చిన్నచిన్న గులకరాళ్ళను ఎత్తుకుంటుంది. ఖాళీ చాలకపోతే అవి గార్డుకూ టైరుకూ మధ్య ఇరుక్కుంటాయి. అందుకని తారురోడ్డు మీద తిరిగే సైకిలుకు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ అంతటా ఒకేలా ఉండాలి. ఎక్కడైనా తేడా ఉంటే వెనక కొసన తక్కువ, ముందుకు పోయేకొద్దీ ఎక్కువ ఉండాలి గాని ఎదురుగా ఉండకూడదు. ఎందుకంటే రెండు చక్రాలకూ రాయి దూరేది వెనక కొస నుంచే, బయటపడేది ముందు కొస నుంచి. దూరేచోట వెడల్పుగా ఉండి, పోనుపోను ఇరుకైతే అది మడ్‌గార్డు కాదు, ఎలుకబోను.

రాయి ఇరుక్కుంటే గరగరమని చప్పుడు చేస్తుంది. కాని ఒక కట్టెపుల్ల ముందుచక్రం స్పోకులలో చిక్కుకుంటే? చక్రం దాన్ని పైకి మోసుకుపోయి గార్డును పట్టి ఉంచే కమ్మీలకు కొడుతుంది. కమ్మీ వంగుతుంది, రేకు ముడుచుకుపోయి ఫోర్కు కింద ఇరుక్కుంటుంది, చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. చక్రం ఆగినా మనిషి ఆగడు కదా! జడత్వం వల్ల అదే వేగంతో ముందుకు పోయి హ్యాండిల్ మీదుగా పడతాడు. ఇలాటి పడటం వీపు మీద గీత లాటిది కాదు. పళ్ళు పోతాయి, మణికట్టు విరుగుతుంది. ఇప్పుడు వచ్చే మంచి గార్డులలో ముందు కమ్మీల చివర ఒక ప్లాస్టిక్ క్లిప్పు ఉంటుంది. మామూలు కుదుపులకు అది గట్టిగానే పట్టి ఉంటుంది. కాని పుల్ల చిక్కుకుని బలంగా లాగితే పట్టు వదిలేస్తుంది. కమ్మీ ఊడి వస్తుంది, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. షాపులో రెండు రకాలు ముందు పెడితే రంగు, మెరుపు పక్కన పెట్టి ఈ క్లిప్పు ఉన్నదాన్నే తీసుకోండి. అలాటిది లేని పాతరకం గార్డు ఉంటే దాన్ని పారేయనక్కరలేదు. కమ్మీల నట్లు వారానికొకసారి వేళ్ళతో కదిపి చూసి, వదులైతే పానాతో బిగించుకుంటూ ఉండాలి. వదులైన గార్డే ముందు చక్రంలోకి ఒరిగేది.

రేగడి నేల, సముద్రపు గాలి

కర్నూలు, ప్రకాశం, ఆదిలాబాద్ జిల్లాలలో నల్లరేగడి ఊళ్ళ పిల్లలు ఇంతవరకు చదివి నవ్వుకుంటూ ఉండవచ్చు. వాళ్ళకు నీటిచుక్కతో పేచీ లేదు. రేగడిలో ఉండే సన్నని బంకమన్ను నీళ్ళు తాగి ఉబ్బుతుంది, జిగురులా అంటుకుంటుంది. అది టైరును వదిలి ఎగరదు. పొర మీద పొరగా మందమెక్కుతుంది. ఒకటిన్నర సెంటీమీటరు ఖాళీ కాస్త దూరంలోనే నిండిపోతుంది. ఆ తర్వాత చక్రం తిరగదు, సైకిలును భుజాన వేసుకోవాలి. ఎర్రనేలలలో ఈ బాధ తక్కువ. ఆ మన్నులో బంక తక్కువ కనక తడి కాగానే రాలిపోతుంది.

కాబట్టి పొలాల గట్ల మీదుగా, రేగడి బాటల్లో బడికి వచ్చేవాళ్ళకు నేను చెప్పే సలహా వేరు. దగ్గరగా ఉండే పూర్తి గార్డు వాళ్ళకు పనికిరాదు. నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ ఉండేటట్టు, వెడల్పుగా ఉన్న ప్లాస్టిక్ గార్డు, చేత్తో ఊడదీసుకోవడానికి వీలైనది మేలు. తుంపరలు కొన్ని పడతాయి. పడనీయండి. చక్రం తిరగడం ముఖ్యం. నేను ఎగతాళి చేసిన ఆ తోక గార్డు అలాటి చోట్ల నిజంగానే ఉపయోగపడుతుంది. అది మొదట పుట్టింది కూడా కొండదారులలో, బురదలో తొక్కే సైకిళ్ళ కోసమే.

ఇక దేనితో చేసిన గార్డు అన్న ప్రశ్న. ఇనపరేకు గార్డును చేత్తో తడిమి చూడండి. మధ్యలో పొడుగునా ఒక మిట్ట ఉంటుంది, అంచులు లోపలికి చుట్టి ఉంటాయి. సోకు కోసం కాదది. ఒక కాగితం ముక్కను కొస పట్టుకుని నిలబెడితే వాలిపోతుంది. అదే కాగితాన్ని నిలువునా మడిచి విప్పి, మడత గీత కనబడేటట్టు పట్టుకుంటే నిలబడుతుంది. పల్చని రేకుకు గట్టిదనం ఆ మిట్ట వల్లా ఆ చుట్టల వల్లా వస్తుంది. అంచు చుట్ట ఇంకో పని కూడా చేస్తుంది. గార్డు లోపల తగిలిన నీరు పక్కలకు కారిపోకుండా పిల్లకాలువలా కిందికి దింపుతుంది. కాని తుప్పు మొదలయ్యేది కూడా ఆ చుట్టలోనే. అక్కడ చేరిన తడిమట్టి రోజుల తరబడి ఆరదు. ఇనుము, తేమ, గాలిలోని ఆక్సిజన్ - తుప్పుకు ఇంకేం కావాలి? కాకినాడ, విశాఖపట్నం వంటి తీరపు ఊళ్ళలో గాలిలో ఉప్పు కూడా కలిసి ఆ పని మరింత త్వరపెడుతుంది. అక్కడివాళ్ళకు ప్లాస్టిక్ గాని, స్టెయిన్‌లెస్ స్టీలు గాని మంచిది. రామగుండం, రెంటచింతల ఎండల్లో అయితే ప్లాస్టిక్‌కు కష్టం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని పెళుసు చేస్తాయి. రెండు మూడు వేసవులు గడిచాక చిన్న దెబ్బకే చిట్లుతుంది. నీడలో పెట్టుకునే వీలుంటే సరే, లేకపోతే ఇనపరేకే నయం. లోపలివైపు ఏడాదికొకసారి కడిగి, ఆరబెట్టి, రంగు వేయండి.

షాపుకు వెళ్ళేముందు టైరు పక్క మీద ఉబ్బెత్తుగా ఉన్న అంకెలు రాసుకోండి. 40-635 అని ఉంటే టైరు వెడల్పు 40 మిల్లీమీటర్లు, టైరు కూర్చునేచోట రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు అని. పాత పెద్ద సైకిళ్ళది ఇదే కొలత. లావు టైర్ల సైకిలుకు 57-559 అని ఉండవచ్చు. గార్డు వెడల్పు టైరు కన్నా కనీసం 10 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. 40 టైరుకు 50, 57 టైరుకు 67 దాకా. "ఏదైనా సరిపోతుంది బాబూ" అనే షాపువాడి మాట వినకండి.

గార్డు బిగించాక ఒక పరీక్ష ఉంది. సైకిలును స్టాండు వేసి నిలబెట్టండి. వెనకచక్రం గాలిలో ఉంటుంది. చక్రం వెనకా, పైనా పాత వార్తాపత్రిక కాగితాలు పరిచి, ఒకరు టైరు మీద చెంబుతో కొద్దికొద్దిగా నీళ్ళు పోస్తుంటే ఇంకొకరు చేత్తో పెడలు తిప్పాలి. వేళ్ళు చెయినుకూ స్పోకులకూ దూరంగా ఉండాలి సుమా! సైకిలు కదలకపోయినా చుక్కలు సైకిలుకు ఎటు పోతాయో అటే పోతాయి. రోడ్డు మీద ఉండే ఎదురుగాలి ఒక్కటే ఇక్కడ ఉండదు. కాగితం మీద తడి ఎక్కడ పడిందో పెన్సిలుతో గీయండి. ఆ తడి దగ్గర నుంచి టైరుకు ఒక దారం స్పర్శరేఖలా పట్టుకుంటే, గార్డును ఇంకా ఎన్ని వేళ్ళు పొడిగించాలో, ఏ వైపు పొడిగించాలో అక్కడే కొలుచుకోవచ్చు.